అమీర్‌పేటలో అడగడం నేర్చుకున్నాను

మా ముత్తాతగారి తండ్రి పదకొండు గ్రామాల శిస్తు వసూలు చేసుకునే మొఖాసాదారు. ముత్తాతగారు జిల్లా బోర్డు సభ్యులు. కలెక్టరు మా వైపు క్యాంపుకు వస్తే డేరా మా తోటలోనే వేసేవారు. తాతగారి నాటికి గ్రామాలు పోయి భూములు మిగిలాయి. నాన్నగారి నాటికి భూములు పోయి వ్యాజ్యాలు మిగిలాయి. ఆయన పోయాక ఆ వంశానికి మిగిలినదాన్ని నేనొక్కదాన్నే. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. ఇది తెలియకపోతే, ఇరవై నాలుగేళ్ళు వచ్చేదాకా నేను ఎవరినీ ఏమీ ఎందుకు అడగలేకపోయానో అర్థం కాదు.

మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. తాతగారు వరండాలో కూర్చుని "ఎండ ఇటు తిరిగింది" అనేవారు. కుర్చీ నీడలోకి జరిగేది. "ఈ పూట గాలి లేదు" అంటే విసనకర్ర వచ్చేది. ఫలానా పని చెయ్యి అని చెప్పడం కూడా మావాళ్ళకు నామోషీయే. అలా చెప్పామంటే ఎదుటివాడికి కాదనే వీలుందని ఒప్పుకున్నట్టే కదా. ఇక అడగడం సంగతి చెప్పనక్కర్లేదు. అడగడానికి వచ్చేవాళ్ళు అరుగు కింద నిలబడేవారు. మేము అరుగు మీద ఉండేవాళ్ళం.

ఏడేళ్ళప్పుడు ఒకసారి వంటావిడను "ఇంకో సున్నుండ పెట్టవూ" అని అడిగాను. నాయనమ్మ నా ముందున్న పళ్ళెం తీసేయించింది. "నీకు కావాలని నీ మొహం చెప్పాలి, నోరు కాదు" అంది. తరవాత నా వెన్ను మీద తట్టి నిటారుగా కూర్చోబెట్టింది. ఆ సున్నుండ సాయంత్రం దానంతటదే వచ్చింది. పద్ధతి తెలిసిన మనుషుల మధ్య ఆ బతుకు బాగానే నడిచేది.

నాన్నగారు పోయాక అమ్మా నేనూ మామయ్య ఇంటికి చేరాం. మామయ్య మంచివాడు. అత్తయ్యలోనూ చెడ్డతనం లేదు. వాళ్ళకు మా పద్ధతి తెలియదు, అంతే. అమ్మ వెనక గదిలోంచి "కాఫీ వాసన బాగా వస్తోంది" అనేది. "అవును వదినా, కొత్త పొడి" అని అత్తయ్య వంటింట్లోంచి సంతోషంగా జవాబు చెప్పి తన పని చూసుకునేది. అమ్మ కాఫీ లేకుండానే ఉండిపోయేది. ఒకరోజు అమ్మ కళ్ళజోడు చూశాను. ఒక వైపు పుల్ల విరిగితే దారంతో చెవికి కట్టుకుంది. ఎన్నాళ్ళయిందని అడిగితే మూడు నెలలంది. "కళ్ళజోడు పాతబడిందని చెప్పానే" అంది. చెప్పింది నిజమే. అది వినపడాల్సిన చోట వినపడలేదు. నాకో ఉద్యోగం, హైదరాబాదులో రెండు గదులు, ఆ గదుల్లో అమ్మ. ఆ రోజునుంచి నాకు వేరే ఆలోచన లేదు.

అమీర్‌పేటలో బస్సు దిగిన పూట నాకు బాగా గుర్తు. కరెంటు స్తంభాలకు, గోడలకు, చెట్లకు కూడా కోర్సుల కాగితాలే అంటించి ఉన్నాయి. ఒకే మెట్ల దారిలో ఆరు ఇన్‌స్టిట్యూట్లు. పుస్తకాలు గుండెకు హత్తుకుని వందల మంది పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ నడుస్తున్నారు. ఎవరి ముఖం చూసినా రేపే ఏదో జరగబోతోందన్నట్టు ఉంది. నా గుండె కూడా అదే వేగంతో కొట్టుకోవడం మొదలుపెట్టింది. అక్కడ ఎవరి ముత్తాత ఎవరో ఎవరికీ అక్కర్లేదు. అది అవమానంగా తోచాల్సింది. ఎందుకో హాయిగా ఉంది.

లేడీస్ హాస్టల్లో గదికి నలుగురం. నా పక్క మంచం పిల్లది కరీంనగర్ వైపు మగ్గాల ఊరు. నాకంటే రెండేళ్ళు చిన్న. మొదటి పొద్దునే నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, జర నీ సబ్బియ్యవా. నాది ఒడిసింది."

ఇచ్చాను.

"గట్లనే నీ బకెట్ సుత ఇయ్యి. ఈళ్ళందరికంటే నీదే పెద్దగుంది."

అదీ ఇచ్చాను. మధ్యాహ్నానికి వార్డెన్ దగ్గర రెండో దిండు, పక్క గదిలో ఇస్త్రీపెట్టె, మెస్సులో రెండో అప్పడం సంపాదించింది. నేను ఆశ్చర్యపోయాను.

"నీకు నామోషీగా ఉండదా?" అన్నాను.

"దేనికి? ఇస్తే ఇస్తరు, లేకుంటే లేదంటరు. ఫికర్ ఏముంది గందుల?"

ఆ రాత్రి ఫ్యాను గాలి నా మంచం వైపు రావడం లేదు. "గాలి ఇటు రావడం లేదు" అన్నాను.

"అవునక్కా, గీ ఫ్యాన్ గంతే" అని అటు తిరిగి పడుకుంది.

ఇద్దరం ఒకే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాం. మా మాస్టారు గుంటూరు వైపు మనిషి. మొదటి వారంలోనే ఆయన బోర్డు మీద మెట్లు గీశారు. "మనవాళ్ళకు ఇంగ్లీషులో మాటలు వచ్చు. ఒకరి చేత పని ఎలా చేయించుకోవాలో రాదు" అన్నారు. అడుగు మెట్టు మీద 'డూ ఇట్' అని రాశారు. దాని పైన 'ప్లీజ్ డూ ఇట్'. ఆ పైన 'కెన్ యూ', ఆ పైన 'కుడ్ యూ'. ఇంకా పైన 'వుడ్ యూ మైండ్', అంటే మీరు చేస్తే మీకేమైనా అభ్యంతరమా అని. ఆ పైన 'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్', అంటే మీరు చేయగలరేమోనని నాలో నేను అనుకుంటూ ఉన్నాను అని.

"చూశారా, మనిషి ఎంత మర్యాదస్తుడైతే అంత దూరం నుంచి వస్తాడు. తనకు కావలసిన దాని చుట్టూ దిండ్లు సర్దుతాడు. ఇప్పుడు పై మెట్టు చూడండి."

పై మెట్టు మీద ఏమీ రాయలేదు. మా వైపు తిరిగి భుజాలు ముడుచుకుని, "ఇట్స్ ఎ బిట్ కోల్డ్ ఇన్ హియర్" అన్నారు. "మీ ఆఫీసరు ఇలా అన్నాడు. మీరేం చేస్తారు?"

"అవును సార్, చలిగా ఉంది సార్ అంటం" అన్నాడు వెనక బెంచీలోంచి ఒకతను. అందరూ నవ్వారు.

నేను లేచి నిలబడ్డాను. క్లాసులో నేను లేవడం అదే మొదటిసారి. "కిటికీ మూస్తాను" అన్నాను.

మాస్టారు చాక్‌పీసు కింద పెట్టారు. "ఎలా తెలిసిందమ్మా మీకు?"

"మా ఇంట్లో అలాగే మాట్లాడతారండి."

"మీ ఇంట్ల ఇంగ్లీషోళ్ళున్నరా అక్కా?" అంది నా రూమ్మేటు. ఈసారి మాస్టారు కూడా నవ్వారు.

ఆ పూట క్లాసు అయ్యాక నా కాళ్ళు నేల మీద ఆనలేదు. మావాళ్ళ పద్ధతి చచ్చిపోయిందనుకున్నాను. అది సముద్రాల అవతల మర్యాదల మెట్ల మీద అన్నిటికంటే పై మెట్టు. అది తెలిసినవాళ్ళకు అక్కడ ఉద్యోగం కూడా ఇస్తారు. జ్యూస్ బండి దగ్గర నిలబడి రూమ్మేటుకు మా తాతగారి ఎండ, గాలి, కుర్చీ అన్నీ చెప్పాను. అంత వేగంగా, అంతసేపు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె స్ట్రా కొరుకుతూ విని, "అంటే పెద్దోళ్ళు నోరు తెరవకుంట పని చేపించుకుంటరన్నట్టు" అంది. అంత సూటిగా చెప్పడం నాకు నచ్చలేదు.

మరుసటి వారం ఇంకో సంగతి. 'ఐ వాంట్ యూ టు ఫినిష్ దిస్ టుడే.' నువ్వు దీన్ని ఈ రోజు పూర్తి చేయాలని నాకు ఉంది. పై అధికారి అలా అంటాడన్నారు మాస్టారు. నేను ఆ మాటను పుస్తకంలో రాసుకుని చాలాసేపు చూశాను. మనం 'ఇది చేయాలి' అంటాం. చేయాలని ఎవరికి ఉందో అందులో కనబడదు. ఆకాశంలోంచి ఊడిపడినట్టు ఉంటుంది. వీళ్ళు తమ కోరికను తీసి బల్ల మీద ఎదుటివాడి ముందు పెడుతున్నారు. అందులో గద్దింపు లేదు, చేయి చాచడమూ లేదు. అంత నిర్భయంగా ఎలా చెప్పగలరో నాకు అర్థం కాలేదు. కళ్ళతో చదివాను గాని పైకి అనడానికి నోరు రాలేదు. ఎప్పుడైనా అంటానని కూడా అనుకోలేదు.

రెండు నెలలు తిరక్కుండానే పంజగుట్టలో ఒక ఆఫీసులో ఇద్దరికీ ట్రైనింగుకు పిలుపు వచ్చింది. ఇంగ్లండులో ఇళ్ళకు ఇంటర్నెట్ పెట్టె ఇచ్చే కంపెనీ పని. అది ఆగిపోతే అక్కడివాళ్ళు ఫోను చేస్తారు, మేము దాన్ని మళ్ళీ నడిపించాలి. వాళ్ళ పొద్దున మాకు మధ్యాహ్నం కాబట్టి రాత్రి షిఫ్టు బాధ లేదు. పన్నెండు మందిమి. కుర్చీలు ఆరు. ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి ఇంగ్లండునుంచి ఒకామె వస్తుందని మా ట్రైనర్ చెప్పాడు. ఆయన పాతబస్తీలో పెరిగిన మనిషి. అబ్బాయిలను భాయ్ అని, అమ్మాయిలను మేడం అని పిలిచేవాడు.

ఆమె వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. కత్తిరించిన నెరసిన జుట్టు, నూలు చొక్కా, మెల్లని గొంతు. గదిలో కూర్చుని రెండు కాగితాలు తిరగేసి "ఇట్స్ రాదర్ వార్మ్, ఈజింట్ ఇట్" అంది.

పదకొండు తలలు ఊగాయి. ఒకతను మే నెలలో ఇంతకంటే ఘోరంగా ఉంటుందని ఆమెకు వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. నేను లేచి వెళ్ళి ఏసీ పెంచాను. ఆమె నా వైపు ఒక్క క్షణం చూసింది. కాసేపటికి తన దగ్గర నీళ్ళు అయిపోయినట్టున్నాయని ఎవరితోనూ కాదన్నట్టు అంది. సీసా తెచ్చి పెట్టాను. ఆ తలుపు బాగా చప్పుడు చేస్తోంది అంది. కాగితం మడిచి తలుపు కింద దోపాను. సాయంత్రం టీ దగ్గర ట్రైనర్ నా పక్కకు వచ్చాడు.

"మేడం, ఆమె మనసుల ఉన్నది మీకెట్ల తెలుస్తుంది? మస్తు పట్టేస్తున్నరు."

"అందులో తెలియకపోవడానికేముందండీ" అన్నాను. ఆరు కుర్చీల్లో ఒకటి నాదేనని నాకు సందేహం లేదు. ఆ సాయంత్రం పంజగుట్టనుంచి అమీర్‌పేట దాకా నడుచుకుంటూ వచ్చాను. దారిలో టూలెట్ బోర్డు ఉన్న ప్రతి ఇంటినీ తలెత్తి చూశాను. ఈ బాల్కనీలో అమ్మ కుర్చీ పడుతుంది, ఆ బాల్కనీలో పట్టదు అని లెక్క వేసుకున్నాను.

మర్నాడు పరీక్ష. ఇంగ్లీషామె పక్క గదిలో ఫోను పట్టుకుని ముసలి కస్టమర్‌లా మాట్లాడుతుంది. మేము ఒక్కొక్కరం మా గదినుంచి ఆమె ఇంటర్నెట్ పెట్టెను బాగు చేయించాలి. ఉన్న ఉపాయం ఒక్కటే. పెట్టె వెనక నల్ల తీగ ఊడదీసి, నిమిషం ఆగి, మళ్ళీ పెట్టించాలి. మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి. నేను తెలుగులో రాస్తున్నాను.

"పెట్టె వెనక నల్ల తీగ ఇంకా గోడకే ఉన్నట్టుందండీ" అన్నాను.

"అవును, ఉంది."

నేను ఆగాను. మా ఇంట్లో అయితే ఈపాటికి ఆ తీగ ఊడి ఉండేది.

"అది ఒక్క నిమిషం ఊడి ఉంటే పెట్టె మళ్ళీ మొదటినుంచి పని చేస్తుంది."

"అలాగా. నాకు తెలియనే తెలియదు."

"ఆ తీగ దగ్గర ఎవరైనా ఉంటే సులువుగా ఉంటుంది."

"నేను ఒక్కదాన్నే ఉంటాను తల్లీ. పిల్లి ఉందనుకో" అని ఆమె పిల్లి గురించి చెప్పడం మొదలుపెట్టింది. దాని వయసు, అది తినేవి, తిననివి అన్నీ చెప్పింది. నేను నిటారుగా కూర్చుని మర్యాదగా విన్నాను. పిల్లి పురాణం అయ్యాక తీగ ఇంకా గోడకే ఉందని మళ్ళీ అన్నాను. ఆమె మళ్ళీ అవునంది. ట్రైనర్ చేతి గడియారం చూపించాడు. ఫోను పెట్టేశాను.

"మేడం, ఏంది ఇది?" అన్నాడు. "తీగ తియ్యమని ఒక్కసారి సుత అనలే మీరు. కస్టమర్‌కి హింట్లిస్తే లేస్తదా? పిల్లి ముచ్చట చెప్తది."

"ఆవిడకు అర్థం కాలేదా?"

"అర్థమైంది. అడుగుతరేమోనని చూసింది. రేపు పొద్దున పదకొండింటికి ఇంకో ఛాన్స్. ఆమెనే ఇయ్యమన్నది. మీరు వినేది చాన బాగుందంట, చెప్పడం సుత వస్తే బాగుంటుందంట."

బాగుంటుందంటే ఏమిటో నాకు తెలుసు. చెప్పడం రాకపోతే కుర్చీ లేదని దాని అర్థం.

నా రూమ్మేటు అప్పటికే గెలిచింది. ఆమె చేసిందల్లా "మేడం, ప్లీజ్ గెట్ అప్, ప్లీజ్ రిమూవ్ ద వైర్, ఐ యామ్ వెయిటింగ్" అనడమే. అవతలామె లేచిందట.

హాస్టలుకు వచ్చి మంచం మీద కూర్చున్నాను. ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది, అమ్మ కళ్ళజోడుకు కట్టిన దారం సంగతి రూమ్మేటుకు చెప్పాను. ఎందుకు ఈ ఉద్యోగం కావాలో చెప్పాను. ఆమె తడి జుట్టు తుడుచుకోవడం ఆపి విన్నది.

"అంటే ఆమె అడగలే గనుక అద్దాలు రాలే. నువ్వు అడగవు గనుక నీకు నౌకరి రాదు. ఇగ తల్లీబిడ్డలు ఇద్దరూ అరుగు మీదనే కూసుంటరా?"

నాకు ఒళ్ళు మండింది. మా వంశాన్ని నా ముందు ఎవరూ అలా అనలేదు.

"కోపం సేయకు గని అక్కా, రేపు పొద్దున నడిసి పోదాం. పంజగుట్ట దాంక. దారి పొడుగునా నువ్వే అడగాలె. నేను నోరు తెరవ."

మర్నాడు తొమ్మిదికే బయలుదేరాం. మొదట టిఫిన్ బండి. ఇడ్లీ సగం తినేసరికి పచ్చడి అయిపోయింది. పళ్ళెం వంక చూస్తూ "పచ్చడి అయిపోయింది" అన్నాను.

"అవునమ్మా, అల్లం పచ్చడి. మన దగ్గర అందరూ గదే ముందు తింటరు" అన్నాడు బండాయన గర్వంగా.

రూమ్మేటు నోరు తెరవలేదు గాని నా కాలు తొక్కింది.

"కొంచెం పచ్చడి వేయండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన తలెత్తకుండా గరిటెతో వేశాడు. అంతే. ఆకాశం విరిగి పడలేదు. నాయనమ్మ వచ్చి పళ్ళెం తీయలేదు. నేను ఇంకోసారి అడిగాను. ఇంకోసారి వేశాడు.

అక్కడినుంచి నాకు ఊపు వచ్చింది. జిరాక్స్ కొట్లో పెన్ను అడిగి, చేతి మీద పరీక్షలో అనాల్సిన మాట రాసుకుని తిరిగి ఇచ్చాను. ఫుట్‌పాత్‌కు అడ్డంగా నిలిపిన ఆటో అతన్ని కొంచెం వెనక్కి తీయమన్నాను. "తీస్త, తీస్త, గింత పొద్దుగాలనే ఆర్డర్లా" అని నవ్వుతూ తీశాడు. ఇరానీ హోటల్ గుమ్మంలో నిలబడి రెండు చాయ్‌లు చెప్పి, నాది ఇంకొంచెం వేడిగా ఇవ్వమన్నాను. వేడిగా ఇచ్చారు. పూలమ్మే ఆమెను ఒక్క మూర ఊరికే ఇవ్వమని అడిగాను.

"బోణీ కాలే, ఊరికే ఎవరిస్తరమ్మా? పో" అంది.

లేదంది. నేను నిలబడే ఉన్నాను. నా వెన్ను వంగలేదు, నా పేరు చెడలేదు. ఆమె మళ్ళీ మాలలు కట్టుకోవడం మొదలుపెట్టింది. నన్ను గుర్తు కూడా పెట్టుకోదు. తరతరాలుగా మావాళ్ళు భయపడింది ఇంత చిన్నదానికేనా అని నాకు నవ్వు వచ్చింది. నడిరోడ్డులో నవ్వుతున్న నన్ను చూసి రూమ్మేటుకూ నవ్వు వచ్చింది.

పంజగుట్ట చౌరస్తా చేరేసరికి పదిన్నర దాటింది. బస్సులు, లారీలు, ఆటోలు గోడ కట్టినట్టు వస్తున్నాయి. అవతలి వైపే మా ఆఫీసు. దాటడానికి వీల్లేదు. నేను సరాసరి ట్రాఫిక్ కానిస్టేబుల్ దగ్గరికి వెళ్ళాను.

"నాకు పదకొండింటికి పరీక్ష ఉంది. మమ్మల్ని దాటించండి."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఈల నోట్లో పెట్టుకుని నడిమధ్యకు నడిచి చేయెత్తాడు. బ్రేకులు కిరకిరలాడాయి. అంత పెద్ద రోడ్డు ఆగిపోయింది. మా ముత్తాతగారి కోసం ఏ రోడ్డు ఆగిందో నాకు తెలియదు. నేను ఒక్క మాట అడిగితే పంజగుట్ట చౌరస్తా ఆగింది. మేమిద్దరం ఆ బస్సుల ముందునుంచి పరుగెత్తాం.

ఆ ఊపిరి తగ్గకముందే ఫోను ముందు కూర్చున్నాను. పక్క గదిలో ముసలి గొంతు మొదలైంది. ఇంటర్నెట్ రావడం లేదు, మనవరాలి ఫొటోలు చూడలేకపోతోంది.

"మీరు పెట్టె దగ్గరికి వెళ్ళండి, దయచేసి" అన్నాను.

"తప్పదా? నాకు నడుము నొప్పి, వంగలేను."

నిన్నటి నేనైతే అక్కడే ఆగిపోయేదాన్ని. నొప్పి ఉన్న మనిషిని ఎలా అడుగుతాం అనుకునేదాన్ని. చేతి మీద రాసుకున్నది చూసుకున్నాను.

"నెమ్మదిగా వంగండి. ఎంతసేపైనా నేను లైన్లోనే ఉంటాను. ఆ నల్ల తీగ మీరు ఊడదీయాలని నాకు ఉంది. ఐ వాంట్ యూ టు పుల్ ఇట్ అవుట్."

కుర్చీ కిర్రుమంది. ఏదో లాగిన శబ్దం వచ్చింది. తరవాత ఫోను చచ్చిపోయింది.

నా చేతిలో రిసీవరు బొయ్‌మంటోంది. ట్రైనర్ లేచి నిలబడ్డాడు. "కాల్ కట్టయింది మేడం" అన్నాడు బెంగగా. అప్పుడు పక్క గది తలుపు తెరుచుకుంది. ఇంగ్లీషామె గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతిలో నల్ల తీగ వేలాడుతోంది. ఆ గదిలో ఇంటర్నెట్ పెట్టె లేదు కదా. నేను లాగమన్నానని తన ఫోను తీగే లాగేసింది. "నువ్వు అంత గట్టిగా కోరుకుంటే ఎలా కాదంటాను" అంది. గది అంతా ఘొల్లుమంది. నేను కూడా నవ్వాను, తరవాత కళ్ళు తుడుచుకున్నాను.

వెళ్ళేముందు ఆమె నా బల్ల దగ్గర ఆగి, "ఇట్ వుడ్ బీ లవ్లీ ఇఫ్ యూ కుడ్ స్టార్ట్ ఆన్ మండే" అని వెళ్ళిపోయింది.

రూమ్మేటు నా చేయి పట్టుకుంది. "గదేందక్కా, లవ్లీ అంటది? నౌకరి ఇచ్చినట్టా, ఇయ్యనట్టా?"

"ఇచ్చినట్టే. సోమవారం పొద్దున తప్పకుండా రమ్మని హుకుం."

"మరి గట్ల చెప్పొచ్చు కద."

ఇద్దరం మెట్లు రెండేసి చొప్పున దిగాం. కింద ఎస్‌టీడీ బూత్‌నుంచి మామయ్య ఇంటికి ఫోను చేశాను.

"మామయ్యా, నాకు ఉద్యోగం వచ్చింది. ఈ నెలాఖరుకు అమ్మను హైదరాబాదు పంపించండి."

"సంతోషం. కానీ ఏంటమ్మా, ఇక్కడ అక్కయ్యకు ఏం తక్కువైంది?"

"ఏం తక్కువ కాలేదు. అమ్మ నా దగ్గర ఉండాలని నాకు ఉంది. అంతే మామయ్యా."

"అలా చెప్పు మరి. మీ ఇద్దరికీ ఏం కావాలో ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి తెలియలేదు. ఏదో కావాలని తెలిసేది, ఏంటో తెలిసేది కాదు. మీ అత్తయ్యా నేనూ మేమేం తప్పు చేశామా అని అనుకునేవాళ్ళం" అన్నాడు. ఆ ఇంట్లో మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. వాళ్ళకు పట్టించుకునే దారే మేము ఇవ్వలేదు.

అమ్మ ఫోనులోకి వచ్చింది. "హైదరాబాదులో నీళ్ళు బాగుంటాయంటారు" అంది.

"అమ్మా, నీకు రావాలని ఉందా?"

బూత్‌లో మీటరు తిరుగుతోంది. నేను అందించే మాటలన్నీ మింగేసి ఊరుకున్నాను. ఆ మాట ఆమే అనాలి.

"ఉంది" అంది అమ్మ. "త్వరగా తీసుకువెళ్ళు."

బల్కంపేటలో మూడో అంతస్తులో రెండు గదులు దొరికాయి. మెట్లు ఇరుకు, పెద్ద సామాను పైకి ఎక్కదు. మామయ్య షెడ్డులో ఉంచిన తాతగారి పందిరి మంచం, రెండు భోషాణాలతో పాటు, అద్దె అడ్వాన్సు కోసం అమ్మ పెళ్ళినాటి వెండి పన్నీరుబుడ్డి కూడా, నెలాఖరున అమ్మ వచ్చేలోపే అమ్మేశాం.